ఎత్తేది నూనె, మోసేది ఉక్కు

పుస్తకాల గురించి, పద్యాల గురించి రాసుకునే ఈ చోట కార్లను పైకెత్తే లిఫ్టు మీద టపా ఏమిటని మిత్రులు కొందరు విస్తుపోవచ్చు. మనమంతా ఏదో ఒక బండి మీద తిరిగేవాళ్లమే. ఆ బండిని బాగుచేయడానికి దాని కిందికి వెళ్లే మనిషి ఒకడున్నాడు. అతడి తలకు అడుగు ఎత్తులో టన్నో, టన్నున్నరో బరువు ఉంటుంది. సాయంత్రానికి అతడు క్షేమంగా ఇల్లు చేరడం దేనిమీద ఆధారపడి ఉందో తెలుసుకోవడం సాహిత్యాభిమానులకు పట్టని సంగతి కాదని నా అభిప్రాయం. శ్రామికుడి మీద రాసిన కవితకు చలించే మనం, ఆ శ్రామికుడు నిలబడిన చోటుకు పైన ఏముందో ఒకసారి తలెత్తి చూడటం కూడా న్యాయమే కదా!

నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే మాట. బండిని పైకి ఎత్తేది నూనె. ఎత్తాక దాన్ని మోయవలసింది ఉక్కు. మోయవలసిన పనిని కూడా నూనెకే వదిలేయడం మన వర్క్‌షాపుల్లో అలవాటుగా మారితే, ఆ అలవాటుకు మూల్యం చెల్లించేది ఎప్పుడూ కింద ఉన్నవాడే. ఆ అలవాటు మారడానికి యజమానికీ ప్రభుత్వానికీ ఎంత బాధ్యత ఉందో, బండి ఇచ్చి కుర్చీలో కూర్చునే మనకూ అంత బాధ్యత ఉంది.

ముందుగా లిఫ్టుకు చెందవలసిన గౌరవం లిఫ్టుకు ఇవ్వాలి. ఒకప్పుడు బండి అడుగుభాగం చూడాలంటే రెండే దారులు. ఒకటి, నేలలో తవ్విన గొయ్యి. రెండవది, జాకీతో ఒక పక్కను లేపి వెల్లకిలా పాకి లోపలికి దూరడం. గోతిలో పెట్రోలు ఆవిరి పేరుకునేది. అది గాలికన్నా బరువైనది కనుక అడుగునే నిలిచి ఉండేది. ఒక్క నిప్పురవ్వ చాలు. జాకీ కింద పడుకుంటే కళ్లలో మట్టి, మెడ మీద నూనె, నడుములో నొప్పి. మనిషి నిటారుగా నిలబడి, వెలుతురులో, రెండు చేతులూ వాడుతూ పని చేసుకోగల వీలు కల్పించిన యంత్రం లిఫ్టు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో పీటర్ లునాటీ అనే మెకానిక్కు 1920ల నడుమ నూనె పీడనంతో కారును ఎత్తే లిఫ్టును రూపొందించాడు. మంగలి దుకాణంలోని కుర్చీ పైకీ కిందికీ కదలడం చూసి అతడికి ఆ ఊహ కలిగిందని చెబుతారు.

ఆ ఊహకు వెనుక ఉన్న సూత్రం మరీ పాతది. మూసిన పాత్రలోని ద్రవంమీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రంతో పనిచేసే అదుముడు యంత్రానికి ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందాడు. లెక్క చాలా సులువు. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యమున్న ముషలకం మీద 10 కిలోల బలం పెడితే, అదే నూనెతో కలిసి ఉన్న 100 చదరపు సెంటీమీటర్ల ముషలకం మీద 1000 కిలోల బరువు లేస్తుంది. చిన్నబలం పెద్దబరువును ఎత్తే ఈ అద్భుతమే జాకీలోనూ ఉంది, లిఫ్టులోనూ ఉంది.

ఈ అద్భుతానికి ఇంకో వైపు కూడా ఉంది. పైకి లేచిన టన్ను బరువు తిరిగి ఆ నూనె మీదే నొక్కుతూ ఉంటుంది. నూనె బయటికి పోకుండా ఆపుతున్నవి ఒక రబ్బరు వలయం, ఒక గొట్టం, ఒక చిన్న కవాటం. వలయం ఎండకూ వాడకానికీ అరిగిపోతుంది. గొట్టం ఒరుసుకుపోయి పలచబడుతుంది. కవాటంలో ఇసుకరేణువంత చెత్త ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. రాత్రి ఎత్తి వదిలేసిన బండి తెల్లవారేసరికి రెండంగుళాలు దిగి ఉండటం మెకానిక్కులకు కొత్త సంగతి కాదు. నెమ్మదిగా దిగితే అది నూనె కారడం. ఒక్కసారిగా దిగితే అది ప్రమాదం. రెండింటికీ కారణం ఒకటే. గొట్టం పగిలితే నూనె వేగాన్ని అడ్డుకునే కవాటాలు కొన్ని లిఫ్టుల్లో ఉంటాయి. అవి అదనపు రక్షణ మాత్రమే.

అందుకే లిఫ్టును తయారుచేసినవారు స్తంభాల లోపల లాకులు పెట్టారు. రెండు స్తంభాల లిఫ్టు మన ఊళ్లలో ఇప్పుడు తరచుగా కనిపించేదే. బండిని మోసే చేతులు ఆ స్తంభాల వెంట పైకి పోతుంటే లోపల ఉక్కు నాలుక ఒక్కో మెట్టు దాటుతూ టక్ టక్ మని చప్పుడు చేస్తుంది. కావలసిన ఎత్తు వచ్చాక బటను వదిలిపెట్టడంతో పని పూర్తి కాదు. కిందికి దించే పిడిని కొంచెం నొక్కి, చేతులు రెండు వైపులా లాకు మెట్టు మీద కూర్చునేదాకా బండిని రెండు మూడు అంగుళాలు దించాలి. అప్పుడు బరువు నూనె మీదినుంచి ఉక్కు మీదికి మారుతుంది. ఆపైన గొట్టం పగిలినా, వలయం చిరిగినా బండి కదలదు. ఇందుకు పట్టే సమయం పది సెకన్లు.

కొన్ని లిఫ్టుల్లో నూనెకు బదులు పొడవాటి మర, దాని మీద తిరిగే నట్టు ఉంటాయి. అక్కడ బరువు మోసే నట్టు కింద ఇంకో రక్షక నట్టు ఉంటుంది. పై నట్టు అరిగేకొద్దీ రెండింటి నడుమ ఎడం తగ్గుతుంది. ఆ ఎడాన్ని కొలిచి చూడటమే అక్కడి జాగ్రత్త. కొలవకపోతే, పై నట్టు ఎప్పుడు అరిగిపోయిందో, ఎన్ని నెలలుగా రక్షక నట్టే మోస్తూ ఉందో ఎవరికీ తెలియదు. రక్షణ కోసం ఉన్న వస్తువు రోజువారీ చాకిరీకి దిగిందంటే, ఇక రక్షణ లేదని అర్థం.

మరి పది సెకన్ల పనిని ఎందుకు వదిలేస్తున్నారు? లాకు మీద కూర్చున్న బండిని దించాలంటే, ముందు దాన్ని కొంచెం పైకి లేపి, లాకులను విడిపించి, అప్పుడు దించాలి. అంటే పోయేటప్పుడు పది సెకన్లు, వచ్చేటప్పుడు ఇంకో ఇరవై సెకన్లు. రోజుకు పదిహేను బండ్లు ఎక్కించి దించే చోట అది విసుగు. ఒక షెడ్డులో ఆ విసుగు తప్పించుకోవడానికి లాకు నాలుకను ఎప్పుడూ వెనక్కే ఉండేటట్టు తీగతో కట్టిపెట్టడం నేను చూశాను. "లాకు మీద దించలేదేం మేస్త్రీ?" అని అడిగితే, "పది నిమిషాల పనే కదండీ, ఏం కాదు" అన్నాడు ఆయన. పని తెలిసినవాడు, మంచివాడు, ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నవాడు. ఆ మాటలో అహంకారం కూడా లేదు. అంతకాలం ఏమీ కాలేదు గనుక ఇక ముందు కూడా కాదన్న నమ్మకం ఉంది, అంతే.

ఆ నమ్మకాన్ని కాస్త లెక్కలో పెట్టి చూద్దాం. అడుగు ఎత్తునుంచి వస్తువు స్వేచ్ఛగా పడటానికి పట్టేది సుమారు పావు సెకను. ఏదో జరుగుతోందని కన్ను చూసి, మనసు గ్రహించి, కాలు కదలడం మొదలుపెట్టడానికే మనిషికి దాదాపు అంత సమయం కావాలి. అంటే తలకు అడుగు ఎత్తులో ఉన్న బండి పడితే తప్పుకోవడం అనే మాటే లేదు. మరి ముప్పయ్యేళ్ల అనుభవం ఆ పావు సెకనులో ఏం చేయగలదు? అది ఉపయోగపడవలసింది బండి కిందికి వెళ్లకముందే. ముప్పయ్యేళ్లు ఏమీ కాకపోవడం లాకు అనవసరమని రుజువు చేయదు. గొట్టం పగలవలసిన రోజు ఇంకా రాలేదని మాత్రమే చెబుతుంది.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి గమనించండి. నలభయ్యేళ్లుగా అదే చెట్టు ఎక్కుతున్నా, మోకును బిగించి ఒకసారి గుంజి, బరువు వేసి చూసుకోనిదే పైకి పాకడు. అది పిరికితనమని ఎవరూ అనరు. అది ఆ పనిలో భాగం. అదే తీరు లిఫ్టు పనిలోనూ ఉండాలి. చక్రాలు నేలను వదిలి జానెడు ఎత్తు లేవగానే ఆపి, బండి ముందుభాగం పట్టుకొని ఒకసారి గట్టిగా ఊపి చూడాలి. నాలుగు ప్యాడ్లూ సరిగా ఆనాయా, బండి ఒక పక్కకు ఒరుగుతోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. జానెడు ఎత్తులో జారితే టైరు నేలకు కొట్టుకుంటుంది. ఆరడుగుల ఎత్తులో జారితే మనిషి పోతాడు.

ఇక ప్యాడ్లు ఎక్కడ ఆనాలన్నది రెండవ ప్రశ్న. ఇక్కడ మన మెకానిక్కుల పాత అనుభవమే కొన్నిసార్లు అడ్డు వస్తుంది. లారీ, జీపు, బొలెరో వంటి బండ్లకు అడుగున బలమైన ఛాసిస్ చట్రం ఉంటుంది. ఆ చట్రం మీద పనిచేసి చేయి తిరిగినవాళ్లకు, బండిని ఎక్కడ పట్టినా మోస్తుందన్న భావం పాతుకుపోతుంది. కానీ 1983లో వచ్చిన మారుతి 800 మొదలుకొని మన రోడ్ల మీది చిన్నకార్లన్నీ దాదాపుగా విడి చట్రం లేనివే. రేకులతో చేసిన ఒంటి గుల్లే వాటికి బలం. ఆ గుల్లకు అడుగున తలుపుల కింది అంచుల్లో, ముందొక జత, వెనుకొక జత చోట్లు మాత్రమే బరువు మోయడానికి దిట్టంగా చేసి ఉంటాయి. బండితో వచ్చే చిన్నపుస్తకంలో ఆ చోట్లు బొమ్మ గీసి చూపుతారు. ఆ పుస్తకాన్ని మనం ప్లాస్టిక్కు సంచి కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పడేస్తాం. అక్కడ కాకుండా పక్కన ఆనిస్తే రేకు లోపలికి పోతుంది, ప్యాడు జారుతుంది.

మూడవది, బరువు ఎటు ఉందన్నది. ముందు ఇంజను, ముందు చక్రాలతో నడిచే చిన్నకారులో మొత్తం బరువులో అరవై శాతం దాకా ముందువైపే ఉంటుంది. అందుకు తగినట్టు బండిని రెండు స్తంభాల నడుమ నిలుపుతారు. బాగానే ఉంది. ఆ తరువాత గేరుబాక్సునో ఇంజనునో కిందికి దించారనుకోండి. ముందు బరువు పోయింది. తూకం వెనక్కి మారింది. అంతవరకు కదలకుండా నిలిచిన కారు ఇప్పుడు వెనక్కి ఒరగజూస్తుంది. వెనుక ఇరుసు విప్పితే దీనికి తిరగేసి జరుగుతుంది. బరువైన భాగాన్ని తీసే ముందు ఎదుటి వైపు పొడవాటి స్టాండు ఆనించడం అందుకే. అంగడిలో త్రాసు పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. ఒక పళ్లెంలోంచి తీస్తే రెండవ పళ్లెం దిగుతుంది.

లిఫ్టు మీద 4 టన్నులని రాసి ఉంటే, నాలుగు చేతుల్లో ప్రతి చేయీ 4 టన్నులు మోస్తుందని కాదు. ఒక్కో చేయి వంతు ఒక టన్ను. బరువంతా ముందువైపో ఒక పక్కకో పడేటట్టు నిలిపితే, మొత్తం బరువు హద్దులోనే ఉన్నా ఒక చేతికి మాత్రం హద్దు దాటవచ్చు. ఇప్పుడు విద్యుత్తు కార్లు వస్తున్నాయి. వాటి అడుగున పరుచుకొని ఉన్న బ్యాటరీయే వందల కిలోలు. ప్యాడు ఆ బ్యాటరీ పెట్టె అంచుకు తగిలితే బండి పాడవడమే కాదు, మంటలకు దారి తీయవచ్చు. చేతులు ఆ పెట్టెను తప్పించి, తయారీదారు చూపిన చోటే ఆనాలి. పెట్రోలు కార్ల అలవాటుతో ఇక్కడ పని జరగదు.

ఇంత చెప్పాక జాకీని మరచిపోతే అన్యాయమవుతుంది. లిఫ్టు కొనలేని షెడ్డులూ, రోడ్డు పక్క పంచరు దుకాణాలూ జాకీ మీదే బతుకుతున్నాయి. అక్కడా సూత్రం అదే. జాకీ ఎత్తడానికి, మోయడానికి ఉక్కు స్టాండ్లు. స్టాండ్లకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టడం ప్రాణాంతకం. అవి బరువు కింద నలగవు, ముందు చెప్పకుండా పగిలిపోతాయి. టిప్పరు లారీ తొట్టిని పైకి లేపి, ఆధారం పెట్టకుండా దాని కింద తల దూర్చి గొట్టాలు విప్పడం కూడా ఈ కోవలోదే. విప్పుతున్న ఆ గొట్టంలోని నూనే తొట్టిని మోస్తోందన్న స్పృహ ఆ క్షణంలో ఉండదు.

గోవర్ధనగిరిని కృష్ణుడు చిటికెనవేలి మీద ఎత్తి పట్టుకున్నప్పుడు, కింద చేరిన గోపాలురు తమ చేతికర్రలను కూడా కొండకు ఆనించి నిలబడ్డారని మన పెద్దలు కథ చెప్పేవారు. వాళ్ల అమాయకత్వానికి నవ్వుకోవడానికే ఆ మాట చెబుతారు. నాకు మాత్రం అందులో నవ్వదగినదేమీ కనిపించదు. ఎత్తినవాడు దేవుడే అయినా, కింద పిల్లా జెల్లా ఉన్నప్పుడు ఒక కర్ర ఆనించడం వివేకం. మన షెడ్డుల్లో ఎత్తుతున్నది దేవుడు కాదు, రబ్బరు వలయం.

చట్టం ఏం చేస్తోందని అడగవచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం హాయిస్టులు, లిఫ్టులను ఆరు నెలలకొకసారి, బరువులెత్తే ఇతర యంత్రాలను ఏడాదికొకసారి అర్హుడైన వ్యక్తి చేత పరీక్ష చేయించాలని చెప్పింది. కానీ విద్యుత్తుతో పని జరిగే చోట 10 మంది, విద్యుత్తు లేని చోట 20 మంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనంలో ఆ సంఖ్యలను 20, 40గా పెంచింది. ఆ కోడ్ ఇతర సంస్థలకు కూడా సాధారణంగా 10 మందీ అంతకు మించీ ఉంటేనే వర్తిస్తుంది. విజయవాడ, గుంటూరు, విశాఖ, హైదరాబాదు ఆటోనగర్లలో ఒక మేస్త్రి, ఇద్దరు మెకానిక్కులు, ఒక కుర్రాడు కలిసి నడిపే షెడ్డును తలచుకోండి. ఆ నలుగురి తలల మీదా అదే బరువు ఉంది. చట్టం మాత్రం తలలు లెక్కపెట్టి వెనుదిరుగుతుంది.

బ్రిటన్‌లో 1998లో వచ్చిన నిబంధనలు ఈ విషయంలో వేరే దారి పట్టాయి. పనికోసం బరువులెత్తే పరికరం వాడితే, ఒక్కడే పనిచేసుకునే మెకానిక్కయినా సరే, ఏడాదికొకసారైనా అర్హుడి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలి. మనుషులను ఎత్తే పరికరమైతే ఆరు నెలలకొకసారి. అక్కడ లెక్క పనివాళ్లది కాదు, బరువుది. న్యాయమైన లెక్క అదేనని నేననుకుంటాను. నలుగురున్న చోట పడే కారు నలభై మంది ఉన్న చోట పడే కారుకన్నా తేలికగా పడదు. పైగా చిన్న షెడ్డులోనే పాత లిఫ్టు, చేతులు మారిన లిఫ్టు, పలచటి నేల మీద బిగించిన లిఫ్టు ఉండే అవకాశం ఎక్కువ. స్తంభాల బోల్టులు పట్టుకోవలసినది కాంక్రీటును. తయారీదారు చెప్పిన మందం లేని నేలలో అవి పట్టుకునేది ఏమీ లేదు.

చిన్న షెడ్డుకు ఇంత ఖర్చు ఎక్కడ వస్తుందన్నది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. రోజు గడవడమే కష్టమైన మేస్త్రీ మీద ఇంకో రుసుము, ఇంకో తనిఖీదారు, ఇంకో కాగితం మోపితే, ఆ కాగితం గోడకు వేలాడుతుంది తప్ప లాకు బాగుపడదు. అందుకని ఆటోనగర్ సంఘాలే కలిసి ఒక అర్హుడైన ఇంజనీరును పెట్టుకొని అన్ని షెడ్డులకూ వంతులవారీగా పరీక్ష చేయించుకోవడం, ప్రభుత్వం ఆ ఖర్చులో కొంత భరించడం మేలని నా సూచన. అంతకన్నా ముందు చేయగలిగినవి, పైసా ఖర్చు లేనివి, ఎన్నో ఉన్నాయి. కట్టిన తీగను విప్పడానికి డబ్బు అక్కరలేదు.

ఇప్పుడు మన సంగతి. "సాయంత్రం ఆరింటికల్లా కావాలి, రాత్రికి తిరుపతి ప్రయాణం" అని చెప్పి బండి ఇచ్చేది మనమే. ఆలస్యం అమృతం విషం అన్న మాటను మెకానిక్కుకూ, నిదానమే ప్రధానం అన్న మాటను మన పిల్లల డ్రైవింగుకూ వాడుకుంటాం. మన తొందర షెడ్డులోకి వెళ్లి ఎక్కడో ఒకచోట సమయాన్ని కోస్తుంది. అది సైలెన్సరు బిగించడంలో కోయలేదు; కనిపించని పది సెకన్లలో కోస్తుంది. పైగా, "రండి సార్, ఇది చూడండి" అని మేస్త్రి పిలవగానే మనమూ బండి కిందికి వెళ్లి నిలబడి చేయెత్తి చూపిస్తాం. కొందరు పిల్లల్ని కూడా వెంటబెట్టుకొని వెళతారు.

అక్కడ మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటి ఉంది. "లాకు మీద ఉందా మేస్త్రీ?" అంతే. మర్యాదగా, చిరునవ్వుతో అడగవచ్చు. ఒకరు అడిగితే చాదస్తం అనుకుంటారు. పదిమంది అడిగితే అలవాటవుతుంది. నెలకు వందమంది అడిగితే, అడగక ముందే "లాకు వేశాం సార్, రండి" అని వినిపిస్తుంది. బిల్లులో వంద రూపాయలు తగ్గించమని నిలదీసి అడగగల మనకు ఈ ప్రశ్న అడగడానికి సంకోచమెందుకు? తనిఖీ అధికారి రాని చోట వినియోగదారుడే తనిఖీ అధికారి.

ఇంకో సంగతి భాషకు సంబంధించినది. మన మిత్రులకు ఇది మరింత దగ్గరిది. లిఫ్టు స్తంభం మీద హెచ్చరికల పట్టీ ఒకటి అతికించి ఉంటుంది. అది సాధారణంగా ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో ఉంటుంది. దాన్ని చదవవలసినవాడు ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకొని పానా పట్టిన కుర్రాడు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం. అది వేరే టపా అవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండినవాడికైనా ప్రాణానికి సంబంధించిన మాట తన భాషలో ఉండాలి కదా. తెలుగు కంప్యూటరులో కనిపించాలని, అంతర్జాలంలో వెలగాలని ఎంతో తపన పడ్డవాళ్లం మనం. ఆ తెలుగు లిఫ్టు స్తంభం మీదికి కూడా చేరాలి. ఈ కింది మాటలను ఎవరైనా పెద్ద అక్షరాలతో అచ్చువేసి తమ మెకానిక్కుకు ఇవ్వవచ్చు. నా పేరు అక్కరలేదు, అనుమతీ అక్కరలేదు.

లిఫ్టు హద్దు ఎంత, బండి బరువు ఎంత అన్నది ముందు చూడు.

బండిలో మనిషి ఉండగా ఎత్తకు.

ప్యాడ్లు పుస్తకంలో చూపిన చోటే ఆనించు.

జానెడు లేపి ఆపు, ఊపి చూడు, అప్పుడు పైకి ఎత్తు.

ఎత్తేటప్పుడు, దించేటప్పుడు బండి కింద ఎవరూ ఉండరాదు.

రెండు వైపులా లాకు మీద దించాకే కిందికి వెళ్లు.

బరువైన భాగం విప్పే ముందు స్టాండు పెట్టు.

దించే ముందు కింద మనిషి, పానా, డబ్బా ఏదీ లేదని చుట్టూ తిరిగి చూడు.

బండి ఒరుగుతుంటే పట్టుకోబోకు, దూరంగా పరుగెత్తు.

నూనె కారినా, తీగ తెగినా, బోల్టు వదులైనా ఆ రోజు లిఫ్టుకు సెలవు.

చివరి మాటకు ముందున్న మాట అన్నిటికన్నా కష్టమైనదని నాకు తోస్తుంది. జారుతున్న వస్తువును చేయి చాచి పట్టుకోవడం మనిషికి సహజం. గ్లాసు జారితే పట్టుకుంటాం. యజమాని కారు జారుతుంటే, పాడైతే తన జీతంలో కోస్తారన్న భయం ఉన్న కుర్రాడు భుజం అడ్డుపెట్టబోతాడు. "బండి పోతే పోనీ, నువ్వు తప్పుకో" అన్న మాట యజమాని నోటినుంచి ముందుగానే, స్పష్టంగా, అందరి ఎదుటా వినిపించి ఉండాలి. ఆ భరోసా లేని చోట ఏ పట్టీ అతికించినా ప్రయోజనం సగమే.

దసరాకు ప్రతి షెడ్డులోనూ ఆయుధపూజ చేస్తారు. పానాలకు, జాకీలకు పసుపు కుంకుమలు అద్దుతారు, లిఫ్టు స్తంభాలకు బంతిపూల దండలు కడతారు, గుమ్మడికాయ కొడతారు. ఆ పూజ మీద నాకు గౌరవమే ఉంది. తన బతుకును మోస్తున్న వస్తువుకు ఏడాదికొకసారి దండం పెట్టే సంస్కారం చాలా గొప్పది. ఆ రోజు పని ఎలాగూ ఉండదు, పనిముట్లన్నీ కడిగి తుడుస్తారు. బొట్టు పెట్టే ముందు స్తంభం మూత విప్పి లాకు నాలుకను, దాని స్ప్రింగును, ఉక్కు తీగలను, గొట్టాలను, నేలలోని బోల్టులను ఒక్కొక్కటిగా చూస్తే ఆ పూజకు నిండుదనం వస్తుంది. ఆశ్వయుజంలో వచ్చే దసరాకూ చైత్రంలో వచ్చే ఉగాదికీ నడుమ ఆరు నెలలు. పాత చట్టం పెద్ద ఫ్యాక్టరీకి పెట్టిన గడువూ ఆరు నెలలే. దసరాకొకసారి, ఉగాదికొకసారి చూసుకుంటే, ఏ అధికారీ రాకుండానే మన పంచాంగమే గడువు గుర్తుచేస్తుంది. ఇది అర్హుడైన ఇంజనీరు చేసే పరీక్షకు బదులు కాదు. అతడు వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోకుండా చేయగలిగిన పని.

ఇదంతా ఇంజనీర్లకు తెలియని సంగతి కాదు. మెకానిక్కులలో చాలామందికి తెలియనిదీ కాదు. తెలిసినదాన్ని ప్రతిసారీ చేయించగలిగేది, పక్కవాడు గమనిస్తున్నాడన్న ఎరుక. ఆ పక్కవాళ్లం మనం కావచ్చు. మిత్రులను నేను కోరేది రెండు పనులు. ఈసారి బండి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగండి. ఏం జవాబు వచ్చిందో ఇక్కడ రాయండి. అలాగే, లాకు, స్టాండు, ప్యాడు వంటివాటికి మీ ఊరి మెకానిక్కులు వాడే తెలుగు మాటలేవైనా ఉంటే చెప్పండి. పైన రాసిన పట్టీలో వాటిని చేర్చి సరిదిద్దుతాను. చదవవలసినవాడు తన షెడ్డులో రోజూ పలికే మాటల్లోనే ఆ పట్టీ ఉండటం అన్నిటికన్నా మేలు.